చోక్ దాటిన గ్యాసు ఎందుకు చల్లబడుతుంది?

అందరికీ నమస్కారం. మన కోనసీమలో గ్యాసు బావి దగ్గర, సన్నని రంధ్రంతో ఒత్తిడి తగ్గించే కవాటం అయిన చోక్‌ని చూసినవాళ్లకి తెలుసు: దానికి ముందు పైపు వెచ్చగా ఉంటుంది, దాటగానే చెమటలు పడుతుంది. ఒక్కోసారి మండుటెండలో కూడా తెల్లగా మంచు పేరుకుంటుంది. ఆ పైమంచు మన గాలిలోని తేమే. అసలు చిక్కు పైపు లోపల ఉంది.

గ్యాసు అణువులు ఒకదాన్నొకటి కొద్దిగా లాగుకుంటూ ఉంటాయి. ఒత్తిడి పడిపోతే అవి దూరం జరగాలి, ఆ లాగుడుకి ఎదురు వెళ్లడానికి శక్తి కావాలి. సన్నని రంధ్రంలోంచి దూసుకుపోయే గ్యాసుకి బయటి వేడి అందే వ్యవధి ఉండదు. అందుకని తన కదలికలోంచే ఖర్చుపెట్టి చల్లబడుతుంది. జూల్, థామ్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రయోగాలు మొదలుపెట్టింది 1852లో. హైడ్రోజన్ మాత్రం మన గది ఉష్ణోగ్రతలో ఒత్తిడి తగ్గితే కాస్త వేడెక్కుతుంది.

బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత. సహజవాయువుకి ఒత్తిడి తగ్గే ఒక్కో బార్‌కి సుమారు అర డిగ్రీ అని లెక్క వేసుకోండి. 150 బార్ల నుంచి 70కి దించితే 40 డిగ్రీలు పోతాయి. 45 డిగ్రీల గ్యాసు 5కి వస్తుంది. సున్నాకి పైనే ఉంది కదా, నీరు గడ్డకట్టదులే అనుకోవడమే పొరపాటు! 70 బార్ల దగ్గర మీథేన్, నీరు కలిసి 9, 10 డిగ్రీలకే హైడ్రేట్ అనే గడ్డ కడతాయి. ఈథేన్, ప్రొపేన్ కలిసి ఉంటే ఇంకా ముందే.

అందుకే హీటర్ చోక్‌కి ముందు ఉండాలి. గడ్డ కట్టకుండా ఆపే మెథనాల్ అనే ఆల్కహాల్ కూడా ముందే ఎక్కించాలి, గ్యాసులో బాగా కలిసేలా. రెండు చోక్‌లు పెట్టి మెల్లగా దించితే చల్లదనం తగ్గుతుందని చాలామంది నమ్ముతారు. మధ్యలో వేడి చేయకపోతే మొత్తం తగ్గుదల దాదాపు అంతే. నీటిని ముందే తీసేయడం అన్నిటికన్నా మేలు.

గడ్డ కడుతోందంటే ముందువైపు ఒత్తిడి పెరుగుతుంది, ప్రవాహం తగ్గుతుంది. అప్పుడు మంట పెట్టి కరిగించబోకండి. ఒక ఘనపు మీటరు గడ్డలో 160 ఘనపు మీటర్లకు పైగా గ్యాసు ఇమిడి ఉంటుంది. మధ్యలో కరిగితే ఆ గ్యాసుకి దారి లేక పైపు పగులుతుంది. ఒకవైపే ఒత్తిడి వదిలితే గడ్డ తూటాలా దూసుకెళ్లి వంపుని బద్దలు కొడుతుంది. రెండు వైపులా సమంగా, నిదానంగా దించాలి. తొందరపడి పూర్తిగా ఖాళీ చేసినా ఇబ్బందే: గడ్డ విడిపోతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, విడిపోయిన నీరు అక్కడే మామూలు మంచుగా బిగుసుకుంటుంది. అది కరగడానికి ఇంకా ఎక్కువసేపు కాచుకోవాలి.