గుండెలు చెక్కిన మేడ

అందరికీ నమస్కారం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటాం. ఇల్లయితే కట్టాడు గానీ అందులో కాపురం చేసే రాత లేకపోయిన ఒక వర్తకుడి మేడ గురించి ఈ సాయంత్రం చెబుతాను. ఊరు ఫ్రాన్స్ నడిబొడ్డున ఉన్న బూర్జ్. అతని పేరు జాక్ కర్. ఫ్రెంచిలో ‘కర్’ అంటే గుండె. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, మేడ సగం అర్థమైనట్టే.

బొచ్చుతోళ్ల వ్యాపారి కొడుకు. పారిస్ ఇంగ్లిషువాళ్ల చేతుల్లో ఉన్న రోజుల్లో ఫ్రాన్స్ రాజు ఏడో షార్ల్‌ను శత్రువులు ‘బూర్జ్ రాజు’ అని వెక్కిరించేవారు. ఆ రాజు నీడనే జాక్ కర్ పైకొచ్చాడు. 1432లో డమాస్కస్‌లో ఉన్నాడు. తర్వాత సొంత ఓడలు దించి పట్టు, సుగంధ ద్రవ్యాలు తెప్పించాడు. అప్పట్లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవుకు చేరే మిరియాల్లో చాలావరకు మన మలబారు తీరం నుంచి వెళ్లినవే. రాజుగారి కొలువుకు బట్టలు, నగలు అమర్చే అధికారం కూడా అతనికే దక్కింది. 1443లో స్థలం కొని మేడ మొదలుపెట్టాడు.

ఆ స్థలం చిత్రమైనది. వెనకవైపు రోమన్ల కాలం నాటి కోటగోడ. దాన్ని పడగొట్టలేదు. గోడనూ, దాని బురుజులనూ పునాదిగా వాడుకుని పైకి లేపారు. అందుకే పడమటి నుంచి చూస్తే అది కోట. తిరిగి వీధిలోకి వస్తే అదే మేడ రాతితో అల్లిన జాలీలా ఉంటుంది. గోతిక్ శైలి చివరి దశలో రాయి మంటలా మెలికలు తిరుగుతుంది, ఆ పనితనం ఇది.

వీధి గుమ్మం బొమ్మ తెరమీద చూడండి. పైన రెండు కిటికీలున్నాయి కదా? అవి కిటికీలు కావు, చెక్కడాలు. ఒకదాంట్లోంచి మగమనిషి, ఇంకోదాంట్లోంచి ఆడమనిషి వీధిలోకి తొంగి చూస్తున్నారు. యజమాని ఇంకా రాలేదేమని ఎదురుచూస్తున్న పనివాళ్లని కొందరు అంటారు. జాక్, అతని భార్య మాసె అని మరికొందరు. నాకు మొదటి మాటే నచ్చుతుంది. ఆ వంగడంలో యజమాని దర్జా లేదు, కనిపెట్టుకుని ఉండేవాళ్ల ఆత్రం ఉంది.

లోపల ముంగిలి, చుట్టూ గదులు. మనకిది కొత్త కాదు, మండువా లోగిలి ఎరిగినవాళ్లం. కానీ మన మండువాలో నాలుగు వైపులూ ఒకదానికొకటి సాటిగా వస్తాయి. ఇక్కడ ఏ వైపూ ఇంకో వైపులా ఉండదు. ఏ గదికి ఎంత వెలుతురు కావాలో అంత కిటికీ, ఎక్కడ మెట్లు అవసరమో అక్కడో సుడిమెట్ల బురుజు. బయటి అందం కోసం లోపలి వాడకాన్ని నలిపెయ్యలేదు. ఈ మేడ గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

ద్వారాలు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. వంటింటి మెట్ల గుమ్మం నెత్తిన రాతి పలకలో వంటవాళ్లున్నారు. ఒకడు రోట్లో దంచుతున్నాడు, ఒకడు నిప్పుమీద మాంసం ఊచ తిప్పుతున్నాడు. పూజామందిరానికి వెళ్లే మెట్ల గుమ్మం మీద ప్రార్థనకు ఏర్పాట్లు. చదువురాని కుర్రాడు కూడా ఎటు వెళ్లాలో తెలుసుకోగలడు. వంటింటి నుంచి భోజనశాలకు వంటకాలు అందించే కిటికీ ఉంది. వేడినీళ్ల స్నానాల గది ఉంది, మరుగుదొడ్లు ఉన్నాయి. 15వ శతాబ్దిలో!

ఇక గుండెలు. గోడలమీద, పిట్టగోడలమీద, తలుపులమీద గుండె బొమ్మలే. పక్కనే ఆల్చిప్ప, అది సెయింట్ జాక్ గుర్తు. ఆ రెండూ కలిపి చదివితే అతని పేరు. ‘ధైర్యం గల గుండెలకు అసాధ్యం లేదు’ అన్న తన నినాదాన్ని పిట్టగోడలో చెక్కించి, ‘గుండె’ అన్న మాటకు బదులు గుండె బొమ్మే పెట్టించాడు.

1450 ఫిబ్రవరిలో రాజుగారి ప్రియురాలు అనియెస్ సొరెల్ చనిపోయింది. జాక్ కర్ విషం పెట్టించాడని ఆరోపణ. నార్మండీ దండయాత్రకు రాజుకు రెండు లక్షల ఎక్యూలు, అంటే బంగారు నాణేలు, అప్పిచ్చినవాడు, కొలువులో సగంమంది అతనికి బాకీ. అలాంటివాడికి శత్రువులకేం కొదవ? 1451 జులై 31న పట్టుకున్నారు. మేడ అప్పటికి దాదాపు పూర్తయింది. మరుసటి ఏడు మాసె కన్నుమూసింది, భర్త చెరలోనే ఉన్నాడు. విషం నేరం రుజువు కాలేదు. అయినా రాజు సొమ్ము కాజేశాడని, ముస్లిములకు ఆయుధాలు అమ్మాడని ఇతర నేరాలు నిలిపి, 1453 మే 29న ఆస్తి జప్తు చేశారు. కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైంది కూడా ఆ రోజే. 1454లో చెర నుంచి తప్పించుకుని రోమ్ చేరాడు. పోప్ పంపిన నౌకాదళంతో వెళ్లి 1456 నవంబరులో కియోస్ దీవిలో చనిపోయాడు. బూర్జ్ మళ్లీ చూడలేదు.

1457లో మేడ కొడుకులకు తిరిగొచ్చింది. తర్వాత చేతులు మారి 1682లో నగరపాలక సంస్థకు చేరింది, న్యాయస్థానమైంది. 1923లో ప్రభుత్వం కొని మరమ్మతులు చేయించింది.

ఆ గుమ్మం బొమ్మ మళ్లీ వెయ్యండి. రెండు కిటికీల నడుమ ఖాళీ మంటపం కనిపిస్తోందా? అక్కడ గుర్రంమీద ఏడో షార్ల్ విగ్రహం ఉండేది. ఫ్రెంచి విప్లవంలో దాన్ని కూల్చేశారు. పక్కనున్న ఆ ఇద్దరి జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.