పద్య నాటకంలో పాత్రల ఎంపిక: గొంతుకు ముందు మేము వినేవి

పెద్దలకు, తోటి కళాకారులకు, రంగస్థలం మీదికి మొదటిసారి రాబోతున్న యువతీయువకులకు నమస్కారం.

సత్య హరిశ్చంద్ర పద్య నాటకాన్ని మన హన్మకొండలో పూర్తిగా ఔత్సాహిక నటులతోనే ఆడాలని పూనుకున్నాం. రేపు పాత్రల ఎంపిక. ఎంపిక చేసేవారు దేనికి విలువ ఇస్తారో వచ్చేవారికి ముందుగా తెలియడం న్యాయం కాబట్టి, ఈ సాయంత్రం ఆ ఒక్క విషయమే మాట్లాడతాను. మేము మొదట వినేది గొంతును కాదు. నటుడు ఈ పద్యాన్ని ఎవరితో అంటున్నాడో, ఎందుకు అంటున్నాడో తెలిసి పాడుతున్నాడా అన్నదే మొదట వింటాం. శ్రావ్యత, రాగజ్ఞానం ఆ తర్వాతివి.

ఎంపికకు వచ్చేవారిలో చాలామంది కాటి సీను పద్యాలనే ఎంచుకుంటారు. హరిశ్చంద్ర పాత్రధారి డి.వి. సుబ్బారావు గారి గొంతులో అవి రికార్డులుగా ఊరూరా వినిపించాయి కనుక అది సహజమే. అయితే నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంత కవి గారిది కాగా, శ్మశానాన్ని చూసి హరిశ్చంద్రుడు తలపోసే ఆ ప్రసిద్ధ పద్యాలు గుర్రం జాషువా గారి కలం నుంచి వచ్చి నాటకంలో కలిసిపోయినవి. విడి ఖండికగా పుట్టిన పద్యాలు కాబట్టి వాటిలో ఎదుటి పాత్ర ఉండదు. కవి కలమైనా, రాజముద్రికైనా ఆ నిప్పులో కలిసిపోయేవేనన్న చింతన ఉంటుంది. అంత గొప్ప కవిత్వాన్ని సభికుల వైపు తిరిగి ఒంటరిగా పాడినా చెల్లుతుంది. మీరు మరో మనిషితో ఎలా నటిస్తారన్నది మాత్రం దానివల్ల మాకు తెలియదు. అందుకని, కాటి సుంకం చెల్లించమని చంద్రమతిని అడిగే ఘట్టంలోని పద్యమో, కాశీలో భార్యను అమ్మజూపే ఘట్టంలోని పద్యమో ఎంచుకొని రమ్మని నా మనవి.

గతంలో ఒక ఎంపికలో చూసిన సంగతి చెబుతాను. హరిశ్చంద్ర పాత్ర కోసం వచ్చిన యువకుడు దీర్ఘమైన రాగాలాపనతో పద్యం ఎత్తుకున్నాడు. అతనికి ఎదురుగా చంద్రమతి మాటలు అందించడానికి ఒక అమ్మాయి నిలబడింది. లోహితుడి శవానికి బదులు మడత పెట్టిన తువ్వాలు ఆమె చేతుల్లో ఉంది. సుంకం మాట వచ్చినప్పుడు ఆమె ఆ తువ్వాలును ఒంటికి దగ్గరగా అదుముకొని, కొంగుతో దాని మీద కప్పింది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. అతను ఆలాపనలో ఉన్నంతసేపూ ఆమె చూపు అతని ముఖం మీది నుంచి కదలలేదు. ఆమె వంతు రాకముందే చంద్రమతి పాత్ర ఆమెదేనని మేమందరం అనుకున్నాం. పద్యం పాడటం నేర్పవచ్చు, రాగం సరిదిద్దవచ్చు. ఎదుటివాడు పాడుతున్నప్పుడు అలా వినడం నేర్పడానికి మాత్రం నెలల తరబడి రిహార్సల్స్ చేసినా చాలదు.

ఇక ఊపిరి సంగతి. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం. చంపకమాలలో 21 అక్షరాలు, యతి 11వ అక్షరం. మత్తేభంలో 20 అక్షరాలు, యతి 14వ అక్షరం. కొత్తవారు యతి స్థానం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటారు, పాదం చివర తప్పనిసరిగా ఆగుతారు. సంస్కృత ఛందస్సులో యతి విరామ స్థానమే గాని, తెలుగులో అది పాదం మొదటి అక్షరంతో కుదిరే అక్షర మైత్రి మాత్రమే. పదం మధ్యలో యతి పడవచ్చు, ఒక మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో ముగియవచ్చు. అక్కడ ఆగితే మాట రెండు ముక్కలై అర్థం చెడుతుంది. పద్యాన్ని ముందుగా మామూలు మాటల్లో చెప్పుకొని, ఎక్కడ భావం పూర్తవుతుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకొని, ఆ గీతల దగ్గరే ఊపిరి తీసుకోండి. రేపు మేము హార్మోనియం ఆపించి పద్యాన్ని ఒట్టి మాటగా చెప్పమంటాం. దానికి సిద్ధంగా రండి.

శ్రుతి గురించి ఎవరూ బెంగపెట్టుకోవద్దు. మైకులు లేని రోజుల్లో చివరి వరుస దాకా వినబడాలని నటులు ఎక్కువ శ్రుతిలో పాడేవారు. మనకు కాలర్ మైకు ఉంది. మీ గొంతుకు ఏది నప్పితే ఆ శ్రుతి పెట్టమని హార్మోనిస్టును అడగండి.

మన యాసకు పద్యం నప్పదేమోనని జనగామ, పరకాల, నర్సంపేట నుంచి వచ్చే పిల్లలు అడుగుతుంటారు. ఈ ప్రశ్న వినడం నాకు బాధ కలిగిస్తుంది. పాల్కురికి సోమన పాలకుర్తి, పోతన బమ్మెర మనకు ఎంత దూరం? ఇక్కడి ఇళ్లలో భాగవత పద్యాలు చదువు రానివారి నోట కూడా ఆడాయి. చిందు యక్షగానంలో జీవితమంతా గడిపిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జనగామ జిల్లా వారే. ఒగ్గు కథలో వంత పాడేవారిని గమనించండి: ప్రధాన కథకుడి ప్రతి మాటనూ అందుకొని బదులిస్తారు. నేను ఇందాక చెప్పిన వినడం అంటే అదే. ళ, ణ, శ, ష, ఒత్తులు స్పష్టంగా పలకాలి, అది అభ్యాసంతో వస్తుంది. ఇంకో ప్రాంతపు సాగదీతను అనుకరించవలసిన అవసరం మాత్రం ఎవరికీ లేదు.

స్త్రీ పాత్రలకు స్త్రీలే రావాలని మా కోరిక. స్థానం నరసింహారావు గారి వంటి మహానటులు స్త్రీ పాత్రలకు వన్నె తెచ్చిన మాట నిజమే. సురభి నాటక కుటుంబాలలో స్త్రీలు తరతరాలుగా నటించిన మాట కూడా అంతే నిజం. రాత్రి పొద్దుపోయేదాకా రిహార్సల్స్ పెడితే పొరుగూరి ఆడపిల్లలు రాలేరు. అందుకే సాయంత్రం పూటే రిహార్సల్స్ ముగించి, బస్సు అందేలా పంపే బాధ్యత నిర్వాహకులుగా మాది.

పాడలేనివారు వెనుదిరగవద్దు. అప్పు వసూలుకు హరిశ్చంద్రుడి వెంటపడే నక్షత్రకుడి పాత్రకు వచనం మీద పట్టు, చురుకుదనం ప్రాణం. మన వాడుకలో బాకీ కోసం వెంటపడి వదలనివాణ్ణి ఆ పేరుతో పిలుస్తున్నామంటే ఆ పాత్ర ఎంతగా నాటుకుపోయిందో గ్రహించండి. చంద్రమతిని కొనే కాలకౌశికుడు, హరిశ్చంద్రుణ్ణి కొనే వీరబాహుడు పాత్రలు కూడా అటువంటివే. రేపు వచ్చేవారు ఒక పద్యం, ఒక వచన భాగం సిద్ధం చేసుకొని, ప్రతి పదానికి అర్థం రాసిన కాగితం వెంట తెచ్చుకోండి. మీ వంతు అయిపోగానే వెళ్లిపోకుండా ఎదుటి పాత్రలకు మాటలు అందించడానికి ఉండండి. ఆ సమయంలో కూడా మేము మిమ్మల్ని చూస్తూనే ఉంటాం.