తిరుపతిలో ఒక మంచి పియానో ఉంటే

(తిరుపతిలో రికార్డు చేసిన స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఒక పియానో టీచరు, ఒక వీణ విద్వాంసుడు, పియానో నేర్చుకుంటున్న పాప తండ్రి.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ ఊళ్లో వీణో మృదంగమో నేర్చుకునే పిల్లలకు దారి తెలుసు. ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, పాడడానికి మహతి ఆడిటోరియం ఉంది. పియానో కచేరీలే జీవితం చేసుకుంటానంటే ఏం చెప్పాలి? ముందు మీరు మొదలుపెట్టండి సార్.

తండ్రి: ఐదో ఏట పాపకు కీబోర్డు కొనిచ్చినాం, ఆడుకుంటాదని. ఇప్పుడు దానికి పదకొండు. లండన్ ట్రినిటీ కాలేజీవాళ్లు పెట్టే సంగీతం పరీక్షల్లో ఐదో గ్రేడు అయింది. మొన్న రాత్రి అన్నం తింటా, 'నాయనా, నేను పెద్దయినాక ఇదే చేస్తా' అనింది. మాది కిరాణా అంగడి. ఈ పని కూడు పెడుతుందా లేదా అని అడుగుదామని వచ్చినా.

పియానో టీచర్: ఉన్నదున్నట్టు చెప్తానండీ. ఎనిమిదో గ్రేడు పాసయితే చదువైపోయిందని మనవాళ్లు స్వీట్లు పంచుతారు. కచేరీ దారి పట్టేవాళ్లకు అది గడప మాత్రమే. ఆ తర్వాత కన్సర్వేటరీలో, అంటే పాశ్చాత్య సంగీత కళాశాలలో, నాలుగైదేళ్లు, రోజూ గంటల కొద్దీ సాధన. వేదిక మీద ఒక్కరే కూర్చుని, ఎదురుగా స్వరాలు రాసిన కాగితం లేకుండా, గంటకు పైగా వాయించాలి. మీరు కూడు గురించి అడిగారు కదా, క్లారా షూమన్ అనే పియానో విద్వాంసురాలి సంగతి చెప్తాను. జర్మనీలో 1828లో, తొమ్మిదేళ్లకే సభలో వాయించింది. 1856లో భర్త పోయేనాటికి చేతిలో ఏడుగురు పిల్లలు. ఊరూరా కచేరీలు చేసి వాళ్లను సాకింది. 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాఠాలు కూడా చెప్పింది. ఆఖరి కచేరీ 1891లో. అంత గొప్పావిడే రెండూ చేసింది. ఇప్పటికీ చాలామంది ఇల్లు గడిచేది పాఠాలతోనే, పాడేవాళ్ల పక్కన వాయించడంతోనే.

వీణ విద్వాంసుడు: నాదొక అనుమానమమ్మా, చాలా ఏళ్లుగా ఉన్నదే. వీణలో తీగ లాగితే స్వరం ఊగుతుంది, గమకం పుడుతుంది. మీ మీట ఒకసారి నొక్కాక ఆ స్వరం కదలదు కదా. మరి పాట ఎక్కడుంది అందులో?

పియానో టీచర్: మంచి ప్రశ్న మాస్టారూ. మీట నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది. తగలబోయే ముందే ఆ సుత్తి మీట నుంచి విడిపోతుంది. ఇక మనం చేయగలిగింది ఏమీ లేదు.

వీణ విద్వాంసుడు: విడిచిన బాణం లాగా.

పియానో టీచర్: సరిగ్గా అంతే. బాణం ఎంత వేగంతో పోయిందన్నదే మన వేలికి దక్కేది. ఆ ఒక్కదానితోనే, పది వేళ్లు ఒకేసారి దిగినా ఒక వేలు మాత్రం పైకి పాడాలి, మిగతా తొమ్మిదీ దాని వెనక నిలబడాలి. పుట్టిన ప్రతి స్వరమూ ఆ క్షణం నుంచే ఆరిపోతుంటుంది. అది ఆరేలోగా తర్వాతి స్వరాన్ని దానికి అతికించాలి. నా జీవితమంతా ఈ అతుకు వెతకడంలోనే గడిచింది, అందుకు నాకు సంతోషమే.

తండ్రి: అట్లయితే మా పాప కీబోర్డులో అది రాదా మేడమ్?

పియానో టీచర్: రాదండీ. మీ ఇంట్లో ఉన్నదానికి మీటలు తేలిక, లోపల సుత్తే లేదు. అసలు కష్టం ఇక్కడుంది. కచేరీ పియానో తొమ్మిదడుగుల పొడవు, దాదాపు అరటన్ను బరువు. 88 మీటలకు 230 దాకా తీగలు. అవన్నీ కలిసి లాగే బలం ఇరవై టన్నులకు దగ్గర, అందుకే లోపల పోత ఇనుప చట్రం పెడతారు. దాని కింద పలక మాత్రం చెక్కదే. మన నవంబరు వానల్లో ఉబ్బుతుంది, మే ఎండల్లో కుంచించుకుపోతుంది. ఏడాదికి రెండుసార్లన్నా శ్రుతి చేయించాలి, నేను ఆ మనిషిని చెన్నై నుంచి పిలిపిస్తాను. ఒకసారి ఒక హాల్లో నా శిష్యురాలు వాయిస్తుంటే మధ్యలో రెండు మీటలు దిగబడి పైకి రాలేదు. పిల్ల ఆగకుండా పూర్తిచేసింది, దిగొచ్చి నా ఒళ్లో ఏడ్చింది. ఆ రోజు నాకు ఇప్పటికీ బాధే. మన పిల్లల్లో లోపం లేదు. ఊరికి పదిమందీ వాడుకునే ఒక మంచి పియానో, దాన్ని చూసుకునే ఒక మనిషి కావాలి.

వీణ విద్వాంసుడు: వినేవాళ్లూ కావాలి కదమ్మా. అయితే ఒకటి చెప్పాలి. వయొలిన్ కూడా బయట నుంచి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పట్టుకున్నాక ఇప్పుడది లేని కచేరీ అరుదు. మదనపల్లెలో 1919లో రవీంద్రుడి జనగణమనకు స్వరలిపి రాసింది మార్గరెట్ కజిన్స్, ఐర్లండులో సంగీతం చదివినావిడ. పరాయి వాద్యమని, పరాయి చదువని మన ప్రాంతం ఎప్పుడూ తలుపు వేసుకోలేదు. పియానో గమకం పలకదు కాబట్టి మన రాగంలోకి రాదు. దాని సంగీతం దానిగానే వినాలి. వినడానికి నేనొస్తా.

తండ్రి: చిన్న ఊర్ల నుంచి ఎవరన్నా పైకొచ్చినారా?

పియానో టీచర్: పోలండు స్వరకర్త షోపాన్ పేరుతో వార్సాలో 1927లో పియానో పోటీ మొదలైంది. ఐదేళ్లకోసారి జరుగుతుంది, షోపాన్ రచనలే వాయించాలి. 1980లో అది గెలిచింది వియత్నాం కుర్రాడు, డాంగ్ థాయ్ సన్. ఆసియా నుంచి మొదటివాడు. హనోయి మీద బాంబులు పడుతుంటే సంగీత పాఠశాలను పల్లెకు తరలించారు, అక్కడ తల్లి దగ్గర నేర్చుకున్నాడు. 2021లో గెలిచిన బ్రూస్ ల్యూ ఆయన శిష్యుడే. మీ పాప గెలుస్తుందని నేను మాటివ్వలేను. గెలవని వాళ్లే ఎక్కువ, వాళ్లూ సంగీతంలోనే బతుకుతున్నారు.

వ్యాఖ్యాత: సార్, ఇప్పుడేమనిపిస్తోంది?

తండ్రి: భయం పోలేదండీ. కానీ దాన్ని ఆపాలనిపించడం లేదు. ఇప్పటికిప్పుడు ఏం చేసేది మేడమ్?

పియానో టీచర్: చదువు మానిపించొద్దు. కొత్త కీబోర్డుకు అప్పు చేయొద్దు. మా ఇంట్లో నిలువు పియానో ఉంది, పాతదే అయినా శ్రుతిలో ఉంది. వారానికి రెండు రోజులు వచ్చి సాధన చేసుకోనివ్వండి.

తండ్రి: ఆదివారం మధ్యాహ్నం అంగడి మూస్తాం. రెండు గంటలకు పిల్చుకొస్తా.

పియానో టీచర్: రండి. గోళ్లు పొట్టిగా కత్తిరించి తీసుకురండి.