మట్టికోట ఎక్కి చూద్దాం రండి

హెడ్మాస్టర్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, నాతోటి ఉపాధ్యాయులకు, ఇంత ఎండలో ఓపిగ్గా కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం కదా, ‘మన కోటలు’ అనే అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. గోల్కొండ, భువనగిరి, ఓరుగల్లు అని మూడు పేర్లు రాసుకొచ్చాను. ఓరుగల్లుతో మొదలుపెడతాను.

ఖిలా వరంగల్ చూసినవాళ్లు చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు, సంతోషం. అక్కడ ఏం చూశారు? కీర్తితోరణాలు. స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలబెట్టిన తోరణాలవి. గుడి పోయింది, అవి మిగిలాయి. వాటి ముందు ఫొటో దిగి, ఖుష్ మహల్‌లో ఓ చుట్టు తిరిగి, బస్సెక్కేస్తాం. సరే, మట్టికోట చూసినవాళ్లు చేతులెత్తండి.

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. మీ తప్పేం లేదు నాన్నా. మీరు తోరణాల దగ్గరికి వెళ్లిన రోడ్డు ఆ మట్టికోటను దాటుకునే వెళ్తుంది. అది కోట అని మీకెవరూ చెప్పలేదు, అంతే.

నేనూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను, ఏటా పదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాను. ఒక ఏడాది బస్సు ఆ కట్టను దాటుతుంటే, కిటికీ పక్కనున్న పిల్లవాడు “టీచర్, ఈ గుట్టేంది?” అని అడిగాడు. చూస్తే గడ్డి, తుమ్మచెట్లు, నాలుగు మేకలు. “చెరువు కట్టరా” అన్నాను. రాత్రి ఇంటికొచ్చాక మనసొప్పక కోట ప్లాన్ తీసి చూశాను. అక్కడ చెరువు లేదు. అది కాకతీయుల మట్టికోట. మర్నాడు చెప్పాలనుకుంటే పిల్లవాడు జ్వరమొచ్చి రాలేదు. తర్వాత పరీక్షల టెన్షన్‌లో నేను మర్చిపోయాను. వాడిప్పుడు ఎక్కడున్నాడో, పిల్లల్ని తీసుకుని ఆ రోడ్డున వెళ్తే ‘చెరువు కట్ట’ అనే చెప్తాడు. నా మాట నమ్మి చెప్తాడు.

అందుకే ఈ రోజు మీకు సరిగ్గా చెప్పాలి. నడిమధ్యన ఉన్నది రాతికోట, ఈ చివర నుంచి ఆ చివరకు కిలోమీటరుకు కాస్త పైన. గణపతిదేవుడు మొదలుపెడితే ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. పెద్ద పెద్ద నల్లరాతి బండలు, మధ్యలో సున్నం లేదు. బయటికి పొడుచుకొచ్చిన బురుజులు 45. దర్వాజాలోంచి తిన్నగా లోపలికి పోలేరు, మలుపు తిరగాలి, మళ్లీ మలుపు తిరగాలి. ఏనుగుతో తలుపు గుద్దించాలంటే దానికి పరుగెత్తే చోటు ఉండొద్దని అలా కట్టారు. గోడకు లోపలివైపు మెట్లున్నాయి చూడండి, ఏదో ఒక్కచోట కాదు, గోడ పొడుగునా ఉన్నాయి. శత్రువు ఏ మూలకొస్తే ఆ మూలనున్నవాళ్లు అక్కడికక్కడే పైకెక్కాలి కదా.

దాని చుట్టూ ఉన్నది మన మట్టికోట. అడ్డంగా కొలిస్తే రెండున్నర కిలోమీటర్లకు దగ్గర్లో ఉంటుంది. దాని బయట మళ్లీ అగడ్త. మట్టే కదా అనుకోవద్దు. అమీర్ ఖుస్రో అని ఢిల్లీ సుల్తానుల కొలువులో ఉన్న కవి, అంటే శత్రుపక్షం మనిషి, ఈ గోడ గురించి రాశాడు. ఉక్కు ఈటె కూడా దీంట్లో దిగదట. యంత్రంతో రాతిగుండు విసిరితే పిల్లలాడుకునే కాయలాగా ఎగిరి వెనక్కొచ్చేదట. మనల్ని ఓడించడానికొచ్చిన వాళ్ల మనిషి రాసిన మాటలమ్మా ఇవి!

1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సైన్యానికి ఈ మట్టికోట చిక్కడానికి దాదాపు నెల పట్టింది. ఇది చేజారాకే, లోపల రాతికోటలో ఉన్న ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. రాతికోట అలాగే నిలబడి ఉంది, అయినా ఒప్పుకున్నాడు. మట్టికోట పోతే ఏం పోయినట్టో ఆయనకు తెలుసు. 1323లో ఓరుగల్లు పూర్తిగా ఢిల్లీ చేతికి పోయింది, ఊరి పేరు కూడా సుల్తాన్‌పూర్ అని మార్చేశారు.

రిటైరయ్యాక ఆ కట్ట మీద నడుద్దామని ఒక్కదాన్నే వెళ్లాను. ఒకచోట మనిషెత్తు మేర కోసేసి ఉంది. ట్రాక్టర్ ఆగి ఉంది, ఇద్దరు కుర్రాళ్లు పారలతో మట్టి ఎత్తుతున్నారు. కోసినచోట మట్టి పొరలు పొరలుగా కనిపించింది. వేలితో నొక్కితే దిగలేదు, గోరు నొప్పెట్టింది. “ఇదెవరిది బాబూ?” అనడిగితే “ఎవరిదీ కాదమ్మా” అన్నాడు. ఆ అబ్బాయి మంచిగానే చెప్పాడు, నాకే కాళ్లలో సత్తువ పోయి అక్కడే కూర్చుండిపోయాను. ఉక్కు ఈటె దిగని గోడ ట్రాక్టర్‌లో పోతోంది! తోరణానికి కంచె ఉంది, టికెట్ ఉంది. మరి దీనికి? ఎవరిదీ కాదని ఆ అబ్బాయి ఎందుకన్నాడు? వాడు కూడా ఏదో బడిలో చదువుకునే ఉంటాడు కదా. వాళ్ల టీచర్ కూడా చెరువు కట్ట అనే చెప్పిందేమో.

హెడ్మాస్టర్ గారు వాచీ చూస్తున్నారు. గోల్కొండ, భువనగిరి సంగతి ఇంకోసారి చెప్పుకుందాం, ఏమనుకోకండి. నాకింకొక్క నిమిషం చాలు.

వచ్చే ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందే, ఆరున్నరకు నేను రాతికోట తూర్పు దర్వాజా దగ్గర ఉంటాను. ఇంట్లో చెప్పి రండి, వీలైతే అమ్మనో నాన్ననో కూడా తీసుకురండి. నీళ్ల సీసా, తలకు ఏదైనా గుడ్డ తెచ్చుకోండి. ముళ్లుంటాయి, చెప్పులొద్దు, బూట్లు వేసుకోండి. అక్కణ్నుంచి మట్టికోట దాకా నడిచి, పైకెక్కి, కట్ట మీద ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోదాం. కోసేసిన చోటు కూడా చూపిస్తాను. వచ్చేవాళ్లు పేర్లు మీ సోషల్ టీచర్ దగ్గర రాయించండి.