రిఫరీ మీద నోరు పారేసుకుంటే

శ్రోతలకు నమస్కారం.

మన తిరుపతిలో, చిత్తూరులో ఫుట్‌బాల్ చూసే పిల్లలు బాగా పెరిగారు. క్రికెట్ మీద ఇష్టం అట్లాగే ఉంది, దాని పక్కన ఇదీ చేరింది. సాయంత్రమైతే ఏడో నంబరు, పదో నంబరు జెర్సీలు వేసుకున్న పిల్లలు ఎస్వీ యూనివర్సిటీ మైదానం వైపు, తారకరామ స్టేడియం వైపు పోతుంటారు. శని, ఆదివారాల్లో ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌లు చాలావరకు మనకు సాయంత్రం, రాత్రి వేళల్లో వస్తాయి కాబట్టి పెద్దవాళ్ళు కూడా పిల్లల పక్కన కూర్చుని చూస్తారు. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని, అంటే పీఈటీని. స్కూలు పోటీల్లో విజిల్ పట్టుకుని రిఫరీగా నిలబడే మనిషిని. పిల్లలు మంచి ఆట చూస్తున్నారంటే నాకు సంతోషమే. కానీ ఆ ఆటతో పాటు ఇంకొకటి కూడా మన ఇళ్ళలోకి వస్తోంది. కెమెరాలు చూస్తుండగానే ఆటగాళ్ళు రిఫరీని చుట్టుముట్టి తిట్టడం. దాని గురించి మాట్లాడాలనే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

2009 మే నెలలో లండన్‌లో చెల్సీ, బార్సిలోనా జట్ల మధ్య ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ జరిగింది. చెల్సీ వాళ్ళు పెనాల్టీ కోసం మళ్ళీ మళ్ళీ అప్పీల్ చేశారు, నార్వే దేశపు రిఫరీ ఒక్కటీ ఇవ్వలేదు. చివరి నిమిషాల్లో ఇనియెస్టా గోల్ కొట్టడంతో బార్సిలోనా ఫైనల్‌కి వెళ్ళింది. ఆట ముగియగానే చెల్సీ ఆటగాడు డ్రోగ్బా రిఫరీ మీదికి వెళ్ళి వేలు చూపించి అరిచాడు. అక్కడితో ఆగకుండా టీవీ కెమెరా వైపు తిరిగి బూతు కలిపి మాట్లాడాడు. ప్రపంచమంతా ప్రత్యక్ష ప్రసారంలో చూసింది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం ఆయన మీద నిషేధం వేసింది, ఆయన క్షమాపణ చెప్పాడు. ఆ రిఫరీకి మాత్రం చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఆ రాత్రి తన నిర్ణయాల్లో తప్పులున్నాయని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. ఈ సంగతి దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే రిఫరీలు తప్పు చేస్తారు, చేయరని నేను వాదించను. తప్పు చేసిన మనిషిని చంపుతామనే దాకా పోవడం గురించే నా బాధ.

ఇంకొక సంఘటన. 2011 ఏప్రిల్ 2. ఆ తేదీని మనం మరిచిపోం, వాంఖడేలో ధోనీ సిక్సర్ కొట్టి ప్రపంచ కప్పు తెచ్చిన రోజు. మనమంతా ముంబయి వైపు చూస్తున్న ఆ రోజే లండన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు వేన్ రూనీ వెస్ట్ హామ్ జట్టు మీద మూడు గోల్స్ కొట్టాడు. మూడో గోల్ సంబరంలో టీవీ కెమెరాలోకి చూస్తూ బూతులు తిట్టాడు. అక్కడ రిఫరీ మీద కోపం కూడా లేదు, ఉత్త ఆవేశం. అయినా ఇంగ్లండ్ సంఘం రెండు మ్యాచ్‌లు ఆడొద్దంది. అందులో ఒకటి మాంచెస్టర్ సిటీతో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. రూనీ లేని యునైటెడ్ ఆ మ్యాచ్ 1-0తో ఓడిపోయింది. చూస్తున్న తల్లిదండ్రులకు, పిల్లలకు రూనీ క్షమాపణ చెప్పాడు. పిల్లలు చూస్తున్నారనే ఎరుక ఆయనకుంది, కాకపోతే నోరు జారిన తర్వాత వచ్చింది.

ఆ ఇంగ్లీషు బూతులు మన పిల్లలకు అర్థమే కావు కదా అని ఒక తండ్రి నాతో అన్నాడు. నిజమే, మాటలు అర్థం కాకపోవచ్చు. మొహం అర్థమవుతుంది. ఆరేడుగురు పరుగెత్తి ఒక మనిషిని చుట్టుముట్టడం, చేతులు చాచడం, మొహంలో మొహం పెట్టి అరవడం, వీటికి భాష అక్కర్లేదు. ఒక జోనల్ పోటీలో ఇది కళ్ళారా చూశాను. బంతి చేతికి తగిలిందని రిఫరీ హ్యాండ్‌బాల్ ఇచ్చారు. బంతికి దగ్గరున్న పిల్లవాడు ఊరికే ఉన్నాడు. గ్రౌండు ఆ చివర నిలబడ్డ పిల్లవాడు, తనకు ఏమీ కనిపించనివాడు, అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చాడు. టీవీలో చూసినట్టే చేతులు చాచాడు. “ఏం సార్, కళ్ళు కనపడవా?” అన్నాడు. వెనక వచ్చినవాడు రెండు చేతుల వేళ్ళతో గాల్లో చతురస్రం గీశాడు, వీడియో చూడమని. సున్నంతో గీతలు గీసుకున్న స్కూలు గ్రౌండులో వీడియో ఎక్కడినుంచి తెస్తారు? మూడోవాడు తల్లిని కలిపి తెలుగు బూతు మాట అన్నాడు. ఆ మాట మాత్రం వాడు టీవీలో నేర్చుకున్నది కాదు, మన వీధిలో నేర్చుకున్నాడు. సైగ అక్కడిది, మాట ఇక్కడిది, రెండూ కలిసి ఆ రిఫరీ మీద పడ్డాయి.

ఆయన పక్క మండలం నుంచి వచ్చిన కుర్ర పీఈటీ. ఆటలోంచి బయటికి పంపే ఎర్ర కార్డు తియ్యాల్సింది, తియ్యలేదు. మ్యాచ్ అయ్యాక అడిగితే, “కార్డు చూపిస్తే గ్రౌండు దాటి బస్టాండుకు పోగలనా అనిపించింది సార్” అన్నాడు. మరుసటి సంవత్సరం రమ్మంటే రాలేదు. మన జిల్లాలో స్కూలు పోటీలకు రిఫరీలు దొరకడమే కష్టం. వచ్చేవాళ్ళు ప్రయాణ ఖర్చుల కోసం రారు, ఆట మీద ఇష్టంతో ఎండలో పరుగెత్తడానికి వస్తారు. లండన్‌లో తిట్లు తిన్న రిఫరీకి వెనక సంఘం ఉంది, పోలీసులున్నారు, మంచి జీతం ఉంది. పుత్తూరులోనో పలమనేరులోనో తిట్లు తిన్న రిఫరీకి ఎవరున్నారు?

ఇది మాటలతో ఆగుతుందనే నమ్మకం కూడా నాకు లేదు. నెదర్లాండ్స్‌లో అల్మేర్ అనే పట్టణంలో 2012 డిసెంబరులో పిల్లల మ్యాచ్ ఒకటి జరిగింది. తన కొడుకు ఆడే క్లబ్ కాబట్టి ఒక తండ్రి స్వచ్ఛందంగా లైన్స్‌మన్‌గా, గీత పక్కన జెండా పట్టుకుని రిఫరీకి సాయంగా నిలబడ్డాడు. మ్యాచ్ అయ్యాక అవతలి జట్టు కుర్రవాళ్ళు ఆయన్ను కింద పడేసి తన్నారు. మరుసటి రోజు ఆయన చనిపోయాడు. తర్వాతి వారాంతం ఆ దేశంలో చిన్న జట్ల మ్యాచ్‌లన్నీ ఆపేశారు. కుర్రవాళ్ళతో పాటు ఒక ఆటగాడి తండ్రికి కూడా కోర్టు శిక్ష వేసింది. గీత పక్కన నిలబడి “వాడి సంగతి చూడండ్రా” అని అరిచే పెద్దవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. వాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

ఆటగాడికి డబ్బిచ్చేది గోల్ కొట్టడానికి, మా పిల్లల్ని పెంచడానికి కాదు కదా అని అడిగేవాళ్ళున్నారు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు చార్లెస్ బార్క్లీ 1993లో ఒక షూ కంపెనీ ప్రకటనలో ఇదే అన్నాడు. నేను ఆదర్శ పురుషుణ్ణి కాను, ఆదర్శంగా ఉండాల్సింది తల్లిదండ్రులు అని. అందులో సగం నిజముంది, తల్లిదండ్రుల బాధ్యతను ఇంకొకరి మీదికి నెట్టకూడదు. మిగతా సగం నేను ఒప్పుకోను. ఆ మాట చెప్పింది షూ అమ్మే ప్రకటనలో. ఆ షూ కొనేది ఎవరు? ఆయనలా ఆడాలని కలగనే పిల్లవాడు. తన పేరున్న జెర్సీ పిల్లవాడికి అమ్మి డబ్బు తీసుకున్న మనిషి, ఆ పిల్లవాడు నన్ను చూసి ఏం నేర్చుకుంటే నాకేం అనడం న్యాయం కాదు.

ఇదంతా విదేశీ ఫుట్‌బాల్ జబ్బు అనుకుని మనం తప్పుకోలేం. 2023 జూలైలో ఢాకాలో మన మహిళల జట్టు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ అవుట్ ఇచ్చారన్న కోపంతో బ్యాటుతో స్టంప్స్ కొట్టారు, తర్వాత మైకులో అంపైర్లను విమర్శించారు. ఐసీసీ రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది. ఆసియా క్రీడల్లో రెండు మ్యాచ్‌లు కెప్టెన్ లేకుండానే జట్టు ఆడింది. ఆవిడ ఫైనల్‌కి తిరిగొచ్చారు, బంగారు పతకం వచ్చింది. మా స్కూలు ఆడపిల్లలకు ఆవిడంటే ప్రాణం. నాకూ ఎంతో గౌరవం. అందుకే ఆ రోజు అంత బాధ కలిగింది.

నిర్ణయం తప్పనిపిస్తే నోరు మూసుకుని పొమ్మంటారా అని పిల్లలు అడుగుతారు. వాళ్ళకు నేను గుండప్ప విశ్వనాథ్ గురించి చెబుతాను. 1980 ఫిబ్రవరి, బొంబాయిలో స్వర్ణోత్సవ టెస్ట్ మ్యాచ్. ఇంగ్లండ్ 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. బోథమ్, బాబ్ టేలర్ ఆడుతున్నారు. కపిల్ దేవ్ బౌలింగ్‌లో క్యాచ్ కోసం అప్పీల్ చేస్తే టేలర్ అవుటని అంపైర్ వేలెత్తారు. మన కెప్టెన్ విశ్వనాథ్ స్లిప్‌లో ఉన్నారు. బంతి బ్యాటుకు తగల్లేదని ఆయనకు నమ్మకం. నేరుగా అంపైర్ దగ్గరికి నడిచి వెళ్ళి, అప్పీల్ వెనక్కు తీసుకుంటున్నామని చెప్పి టేలర్‌ను వెనక్కు పిలిచారు. బోథమ్, టేలర్ కలిసి 171 పరుగులు జోడించారు. మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. అంపైర్ నిర్ణయం తప్పని కెప్టెన్ చెప్పిన సందర్భమే అది. అరుపు లేదు, గుంపు లేదు, పైగా లాభం అవతలి జట్టుకు. కథ విన్న పిల్లలు “ఓడిపోయారు కదా సార్” అంటారు. ఔను, ఓడిపోయారు. నలభై ఏళ్ళు దాటినా నేను ఆ ఓటమి గురించే మాట్లాడుతున్నాను.

ఇక చేయాల్సిన పని. కొత్త రూల్స్ ఏమీ అక్కర్లేదు. పసుపు, ఎర్ర కార్డులు 1970 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు నుంచీ ఉన్నాయి. నిర్ణయాన్ని ఎదిరించి వాదిస్తే హెచ్చరికగా పసుపు, బూతులు తిడితే ఎర్ర కార్డు అని రూల్స్ పుస్తకంలో స్పష్టంగా ఉంది. అమలు చేయడానికి రిఫరీలు భయపడుతున్నారు, అంతే. ఒక జట్టులో ఏడుగురి కంటే తగ్గితే ఆట సాగదు, మ్యాచ్ ఆగితే నింద రిఫరీ మీదికే వస్తుంది.

ఆ భయం తగ్గించే పద్ధతి ఒకటి 2024లో జర్మనీలో జరిగిన యూరో కప్పులో చూశాం. కెప్టెన్ ఒక్కడే రిఫరీ దగ్గరికి రావాలి, ఇంకెవరు వచ్చి వాదించినా పసుపు కార్డు. దానికి బదులుగా రిఫరీ తన నిర్ణయానికి కారణం కెప్టెన్‌కు చెబుతాడు. నాకు బాగా నచ్చింది ఈ రెండో భాగమే, అడిగే హక్కు పోలేదు, దానికొక దారి ఏర్పడింది. ఇంగ్లండ్‌లో చిన్న జట్ల పోటీల్లో 2019 నుంచి ఇంకొకటి చేస్తున్నారు. వాదించినవాణ్ణి పది నిమిషాలు బయట కూర్చోబెడతారు. స్కూలు పిల్లలకు కార్డు కంటే అది ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం. ఆ పది నిమిషాలు జట్టు తన వల్ల పదిమందితో ఆడుతుంటే వాడు చూస్తూ కూర్చోవాలి.

మన మండల, జోనల్ పోటీల్లో ఇది పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. టాస్ వేసేటప్పుడే ఇద్దరు కెప్టెన్లనూ, ఇద్దరు కోచ్‌లనూ పిలిచి అందరి ముందు చెప్పాలి. కోచ్‌లను తప్పకుండా పిలవాలి, ఎందుకంటే తన సారే గీత దగ్గర నిలబడి రిఫరీని తిడుతుంటే ఆ పిల్లవాడికి డ్రోగ్బా, రూనీ అవసరమే లేదు.

తోటి పీఈటీ మిత్రులకు ఒక మాట. ప్రాక్టీసు మ్యాచ్‌లో ఎక్కువగా వాదించే పిల్లవాడి చేతికి విజిల్ ఇవ్వండి, ఒక సగం వాణ్ణే రిఫరీగా ఉండమనండి. మా స్కూల్లో చేయిస్తున్నాను. మొదటి అయిదు నిమిషాలు ఉత్సాహంగా ఊదుతాడు. తర్వాత ముగ్గురు అడ్డంగా ఉన్నప్పుడు బంతి ఎవరికి తగిలిందో కనిపించదు, ఆఫ్‌సైడ్ చూడాలా ఫౌల్ చూడాలా తెలియదు, స్నేహితులే మీద పడతారు. ఆట ముగిశాక ఒకడు నా దగ్గరికి వచ్చి, ఆఫ్‌సైడ్ సరిగ్గా కనపడాలంటే ఎక్కడ నిలబడాలి సార్ అని అడిగాడు. అరగంట ఇద్దరం గ్రౌండంతా తిరిగాం. వచ్చే జోనల్ పోటీల లోపల మీ స్కూల్లోనూ ఒకసారి చేయించి చూడండి.

సెలవు. నమస్కారం.