స్తంభం ఎక్కనన్న సభ్యుడి వెంట సంఘం ఉంటుంది

(మిర్యాలగూడలో ప్రైవేట్ ఎలక్ట్రీషియన్ల సర్వసభ్య సమావేశంలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఒక రోజు పని మానుకొని వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు, మొదటిసారి మన సమావేశానికి వచ్చిన సభ్యుల ఇంటి ఆడవాళ్లకు నమస్కారం.

ఎజెండాలో చందాల లెక్క ముందుంది. అది కోశాధికారి తర్వాత చదువుతారు. కరెంటు డిపార్ట్‌మెంట్ స్తంభాలు మనం ఎక్కుతున్న సంగతిని నేను అడిగి మరీ ముందుకు తెచ్చాను. వానాకాలం నాట్లు మొదలవుతున్నాయి. ఇక మన ఫోన్లు మోగుతూనే ఉంటాయి. "అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు పోయింది, లైన్‌మన్ ఫోన్ ఎత్తుతలేడు, మడి ఎండుతున్నది, జర వచ్చి పో" అంటారు. పిలిచేది మనకు తెలిసినవాళ్లే. మన బంధువులే, మన పక్క పొలం వాళ్లే. కాదనలేక పోతున్నాం. అట్లా పోయినవాళ్లలో కొందరు ఇంటికి తిరిగి రావడం లేదు.

కొత్త సభ్యులు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడ జరిగేదేమిటో వివరంగా చెబుతాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లగానే మనం చేసే మొదటి పని, దానికి పై నుంచి వచ్చే కరెంటును ఆపే ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి గుంజడం. గుంజితే పైన మూడు బ్లేడ్లూ ఒకేసారి విడిపోవాలి. ఏళ్ల తరబడి గ్రీజు ఎరగని స్విచ్‌లో రెండు విడిపోతాయి, మూడోది అంటుకొనే ఉంటుంది. రాత్రి పూట సెల్‌ఫోన్ లైటుతో కింద నుంచి చూస్తే అది కనబడదు. మోటార్లన్నీ ఆగిపోయాయి కాబట్టి లైన్ పోయిందనే అనుకుంటాం. కానీ ఆ ఒక్క ఫేజు చాలు. అది ట్రాన్స్‌ఫార్మర్ లోపలి వైండింగ్ గుండా తిరిగి మూడు హెచ్‌టీ బుషింగులకూ (11 వేల వోల్టుల తీగలు తగిలించే చోట్లకు) పాకుతుంది. "ఈ పక్క బ్లేడు విడిపోయింది కదా" అని చెయ్యి పెట్టిన చోట కూడా చావు ఉంటుంది.

రెండో దారి ఇంకా మోసం. ఏబీ స్విచ్ శుభ్రంగానే విడిపోయింది అనుకుందాం. అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎవరో చేంజోవర్ (లైన్‌ను, జనరేటర్‌ను విడదీసే స్విచ్) లేకుండా జనరేటర్ నడుపుతున్నారు. ఆ 415 వోల్టులు కింది నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లి పైకి 11 కేవీ అయి వస్తాయి. పైనున్న మనిషికి అది వచ్చే దిక్కే తెలియదు.

అందుకే డిపార్ట్‌మెంట్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్) అనే పద్ధతి పెట్టారు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఫీడర్ (అక్కడి నుంచి ఊళ్లకు కరెంటు పంపే లైన్) ఆపి, బుక్కులో రాసి, నంబరు ఇస్తాడు. పని చేసే చోట లైన్ చచ్చిందో లేదో టెస్ట్ చేసి, ఎర్త్ రాడ్లు తగిలించి, అప్పుడు మనిషి పైకి ఎక్కాలి. ఎల్‌సీ తీసుకున్నవాడు కిందికి దిగి తన నోటితో తిరిగి ఇచ్చేదాకా ఫీడర్ ఎక్కించకూడదు. ఈ ఎల్‌సీ డిపార్ట్‌మెంట్ మనిషికే ఇస్తారు, మనకు ఇవ్వరు. ఫోన్‌లో "లైన్ ఆపించిన, నువ్వు ఎక్కు" అనే మాటను ఎల్‌సీ అనుకోవద్దు. ఆ మాటకు బుక్కులో ఒక్క అక్షరం ఉండదు. రేపు ఏదైనా జరిగితే ఆ మాట అన్నట్టు ఎవరూ ఒప్పుకోరు.

ఒప్పుకోరని ఊరికే అనడం లేదు. పోయిన యాసంగిలో మన సభ్యుడొకరు ఇట్లాగే ఎక్కి పడిపోయాడు. పేరు చెప్పను, వాళ్ల ఇంటివాళ్లు ఇక్కడే కూర్చున్నారు. పిలిచినవాళ్లు మేం పిలవలేదన్నారు. లైన్ సిబ్బంది వాడు మా మనిషి కాదన్నారు. ఊరి పెద్దలు కూర్చొని కొంత డబ్బు మాట్లాడి, కేసు ఎందుకులే అని అదే రోజు దహనం చేయించారు. ఎఫ్‌ఐఆర్ లేదు, పోస్టుమార్టం లేదు. అతని బ్యాంకు ఖాతాకు ప్రమాద బీమా ఉందని మాకు తర్వాత తెలిసింది. ప్రమాదంలో చనిపోయాడని రుజువు చేసే కాగితం ఒక్కటీ లేక ఆ 2 లక్షలు కుటుంబానికి రాలేదు. ఇక్కడికి వచ్చిన అక్కాచెల్లెళ్లకు ఈ ఒక్క మాట చెప్పడానికే మిమ్మల్ని కూడా రమ్మన్నాం: ఎంత దుఃఖంలో ఉన్నా, ఎవరు ఎంత ఒత్తిడి పెట్టినా, పోలీస్ స్టేషన్‌కు కబురు వెళ్లకుండా, పోస్టుమార్టం జరగకుండా మనిషిని తీసుకుపోనివ్వకండి. సంఘానికి ఒక్క ఫోన్ చేయండి. మిగతాది మేం చూసుకుంటాం.

ఇది మన ఒక్కరి కథ కూడా కాదు. అమెరికాలో హెన్రీ మిల్లర్ అని ఒక లైన్‌మన్ ఉండేవాడు. 1891 నవంబర్‌లో సెయింట్ లూయిస్ నగరంలో పది మంది ప్రతినిధులు కూర్చొని విద్యుత్ కార్మికుల సంఘం పెట్టుకుంటే, దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. రైళ్లలో ఊరూరా తిరిగి శాఖలు కట్టాడు. ఆ రోజుల్లో కొన్ని ప్రాంతాల్లో లైన్ పనికి చేరిన ఇద్దరిలో ఒకరు పనిలోనే చనిపోయేవారని ఆ సంఘం తన చరిత్రలో రాసుకుంది. 1896లో వాషింగ్టన్‌లో మిల్లర్ కూడా స్తంభం మీదే షాక్ కొట్టి, కింద పడి చనిపోయాడు. ఆయన పెట్టిన సంఘంలో ఇవాళ అమెరికా, కెనడాల్లో ఏడు లక్షలకు పైగా సభ్యులున్నారు. కూలి రేట్లు, శిక్షణ, భద్రత అన్నీ బేరమాడి సాధించుకున్నారు. వాళ్లకు మొదట ఉన్నది చచ్చిపోతున్న మనుషులు, వాళ్ల ఇళ్లు. మనకూ అంతే ఉంది.

కార్యవర్గం పెట్టిన తీర్మానం చదువుతున్నాను. మన సభ్యులెవరూ డిపార్ట్‌మెంట్ స్తంభం గానీ, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె గానీ ఎక్కకూడదు. డబ్బులిచ్చినా, బతిమాలినా, చీకటి పడ్డా ఎక్కకూడదు. రైతు ఫోన్ చేస్తే ముందు 1912కు ఫిర్యాదు చేయించి, ఆ ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. లైన్‌మన్ రాకపోతే కార్యవర్గంలోంచి ఇద్దరం రైతుతో కలిసి సెక్షన్ ఆఫీసుకు పోతాం. ఎక్కనన్నందుకు ఒక ఊళ్లో ఎవరికైనా పని ఆగిపోతే, సంఘం తరఫున వచ్చే వైరింగ్ పనుల్లో అతనికే మొదటి వంతు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్లు లేచి కారణం చెప్పండి, వింటాం, రాసుకుంటాం.

(సభ్యులు చేతులెత్తి తీర్మానాన్ని ఆమోదించారు. తర్వాత ప్రసంగం కొనసాగింది.)

సంతోషం. ఒక తమ్ముడు అడిగిన దానికి జవాబు చెబుతాను. "ఎక్కకపోతే రైతు మడి ఎట్లా, మా కూలి ఎట్లా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఫ్యూజు ఎందుకు పోతున్నదో చూడండి. 2018 జనవరి 1 నుంచి మన దగ్గర వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నారు, కానీ చాలా బోర్ల దగ్గర పాతకాలం ఆటో స్టార్టర్లు అట్లాగే ఉన్నాయి. కరెంటు పోయి రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. ఫ్యూజు ఆగుతుందా? ఆటో తీసేయడం, కెపాసిటర్ పెట్టడం, స్టార్టర్ డబ్బాకు సరైన ఎర్త్ ఇవ్వడం, సర్వీస్ వైరు తర్వాత మోటారు దాకా ఉండే దెబ్బతిన్న కేబుల్ మార్చడం, ఇవన్నీ నేల మీద నిలబడి చేసే పనులు. మన పనులు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరినీ కూర్చోబెట్టి ఒకేసారి చేయిస్తే మనకు నాలుగు రోజుల పని దొరుకుతుంది, వాళ్లకు ఫ్యూజుల గోల తగ్గుతుంది. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాళ్లు ముందుండి చేయండి. నాట్లకు ముందే పోయి అడగండి.

ఇక కాగితాల సంగతి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల దాకా ఎవరైనా చేరవచ్చు. ప్రమాదంలో పోతే 2 లక్షలు, పూర్తిగా కాకుండా కొంత అంగవైకల్యం వస్తే లక్ష. జూన్ 1 నుంచి మే 31 దాకా దాని ఏడాది. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేక ఎన్నో పాలసీలు ఆగిపోతున్నాయి, కాబట్టి ఇవాళ పాస్‌బుక్ చూసుకొని 20 రూపాయలు కట్ అయ్యాయో లేదో నిర్ధారించుకోండి. ఏ కారణంతో పోయినా వర్తించే జీవన్ జ్యోతి వేరు, దానికి 436 రూపాయలు, 50 ఏళ్ల లోపే చేరాలి. రెండూ తీసుకోండి. నామినీ పేరు మీ ఇంట్లోవాళ్లకు తెలియాలి.

లేబర్ కార్డు గురించి చాలామంది అడుగుతున్నారు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం అందులో కలిసిపోయింది. పాత కార్డు పోయిందేమో అని టెన్షన్ పడుతున్నారు. అర్హత మారలేదు. వయసు 18 నిండి 60 దాటకుండా ఉండాలి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. కొత్త ఇంట్లో గోడకు గాడి కొట్టి పైపు వేసేవాడు నిర్మాణ కార్మికుడే, సందేహం వద్దు. రెన్యువల్ తేదీ మాత్రం దాటనివ్వకండి.

వైర్‌మన్ పర్మిట్ విషయంలో కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రీలు "మాకు పర్మిట్ ఎందుకు, పని వచ్చు కదా" అంటున్నారు. మీకు పని వచ్చని నాకు తెలుసు. కానీ బల్బు, ఫ్యాను, స్విచ్ మార్చడం లాంటి చిన్న పనులు తప్ప, వైరింగ్ పని ఏదైనా లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు కింద, పర్మిట్ ఉన్న మనిషే చేయాలని కేంద్ర విద్యుత్ అథారిటీ నిబంధనలు చెబుతున్నాయి. ఏదైనా ప్రమాదం జరిగి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణకు వస్తే ముందు అడిగేది ఆ కాగితమే. మన దగ్గర పని నేర్చుకొని, చదువు రాక పరీక్షకు భయపడేవాళ్లు ఉన్నారు. వాళ్లకు తెలుగులోనే చెప్పడానికి ఐటీఐలో చదివిన కుర్రవాళ్లు నలుగురు ముందుకొచ్చారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల దగ్గర కూర్చోవడానికి మొహమాట పడొద్దు. ఆ కుర్రవాళ్లకు ప్యానెల్ కట్టడం మీరే కదా నేర్పింది.

రేట్ల గొడవ ఒక్క మాటలో ముగిస్తాను. పాయింటు రేటు (ఒక్కో లైటు, ఫ్యాను పాయింటుకు తీసుకునే కూలి) తగ్గించి పక్కవాడి పని లాక్కుంటే, ఆ తగ్గిన డబ్బు చివరికి ఎర్త్ పిట్‌లోంచే పోతుంది. పిట్ తవ్వకుండా, ఎర్త్ వైరు లాగకుండా మిగుల్చుకుంటాం. దాని ఫలితం ఎండాకాలంలో పేపర్లో చదువుతూనే ఉన్నాం: కూలర్‌లో నీళ్లు పోస్తూ ఒకరు, ఇనుప దండెం మీద తడి బట్టలు ఆరేస్తూ ఒకరు. ఇనుప బాడీ కూలర్‌కు మూడు పిన్నుల ప్లగ్ పెట్టి, సాకెట్ వెనక ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపినవాళ్లు మనలోనే ఉన్నారు. ఆ న్యూట్రల్ ఎక్కడో ఊడిందంటే కూలర్ ఒళ్లంతా 230 వోల్టులే. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకయితే పడిపోయే ఆర్‌సీసీబీ ఉంటే ప్రాణం నిలబడుతుంది. కానీ ఊరికే ట్రిప్ అవుతోందని ఇంటివాళ్లు విసుక్కుంటే మనమే దాన్ని తీసేసి డైరెక్ట్ చేస్తున్నాం. ట్రిప్ అవుతోందంటే అది పని చేస్తోందన్నమాట. రెండు సర్క్యూట్ల న్యూట్రల్ కలిసిందేమో, గీజర్ ఎలిమెంట్ లీకవుతోందేమో, గోడ చెమ్మకు పైపులో జాయింట్ తడిసిందేమో ఒక్కొక్కటి విప్పి చూడండి. ఆ వెతకడానికి విడిగా కూలి అడగండి, ధైర్యంగా అడగండి. ఇంటివాళ్లకు నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కడం, ఎండాకాలం ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయడం చూపించి రండి.

చివరిగా సోలార్. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుండటంతో మన వైపు కూడా డాబాల మీద ప్యానెళ్లు లేస్తున్నాయి. కంపెనీలు మన సభ్యులను కూలికి పిలుస్తున్నాయి. పని మంచిదే, కానీ మనం నేర్చుకున్న కరెంటుకు, దీనికి తేడా ఉంది. మెయిన్ ఆపేస్తే ఇంట్లో లైన్ చస్తుంది, ఎండలో ఉన్న ప్యానెల్ చావదు. ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే 300 వోల్టుల దాకా డీసీ వస్తుంది. లోడు మీద కనెక్టర్ ఊడదీస్తే లేచిన ఆర్క్ ఏసీలో లాగా దానంతటది ఆరదు, వేళ్లు కాలిపోతాయి. మామూలు ఏసీ ఎంసీబీ డీసీకి పనికిరాదు. డాబా అంచున సేఫ్టీ బెల్టు లేకుండా పని చేయమంటే చేయకండి. ఇన్వర్టర్ ఆఫ్ చేసి, డీసీ ఐసొలేటర్ తీసి, మీటర్‌తో కరెంటు పారడం లేదని చూసుకున్నాకే కనెక్టర్ ముట్టుకోవాలి.

దీని మీద వచ్చే ఆదివారం ఇక్కడే పొద్దున క్లాసు పెట్టాం. రెండు పాత ప్యానెళ్లు తెప్పిస్తున్నాం, ఎండలో పెట్టి చేతులతో చేయిస్తాం. డీసీ వోల్టేజీ చూసే మల్టీమీటర్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లు పక్కవాళ్లతో జతకట్టండి. సంఘం కొన్న ఎర్త్ టెస్టర్ కోశాధికారి దగ్గర ఉంది. రిజిస్టర్‌లో సంతకం పెట్టి ఎవరైనా తీసుకుపోవచ్చు, రెండో రోజు సాయంత్రానికి తిరిగి ఇవ్వాలి. ఇప్పుడు చందాల లెక్క చదవవలసిందిగా కోశాధికారి గారిని కోరుతున్నాను.