రెసిడెన్సీ దరఖాస్తు, చేతిలో ఫోను, వార్డులో పేషెంటు

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, విభాగాధిపతులకు, ఆదివారం పొద్దున్నే కోఠి దాకా వచ్చిన హౌస్ సర్జన్లకు, ఫైనలియర్ విద్యార్థులకు నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు ప్రత్యేకంగా నమస్కారం. అమెరికా దరఖాస్తు ఫీజులు కట్టేది మీరే కాబట్టి ఈ మాటలు మీరూ వినాలి.

రెసిడెన్సీ, అంటే ఎంబీబీఎస్ తర్వాత అమెరికా ఆసుపత్రుల్లో చేసే స్పెషలిస్టు శిక్షణ, దానికోసం సోషల్ మీడియాను ఎలా వాడాలో చెప్పమన్నారు. కోవిడ్ రాకముందు ఇంటర్వ్యూ అంటే విమానం ఎక్కడమే. 2020లో ఇంటర్వ్యూలు జూమ్‌లోకి వచ్చాయి. ఆసుపత్రిని నేరుగా చూపించే దారి లేక చాలా శిక్షణ ప్రోగ్రాములు అప్పుడే ఇన్‌స్టాగ్రామ్, ట్విట్టర్ ఖాతాలు తెరిచాయి. 2022 జనవరి 26 నుంచి, అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి భాగమైన స్టెప్ 1కి మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఇస్తున్నారు. అందుకని ఇప్పుడు పిల్లలు మార్కుల లోటును ఫాలోయర్లతో పూడ్చాలని చూస్తున్నారు. అది కుదరదు. సోషల్ మీడియా ఇచ్చేది సమాచారం, ఒకరిద్దరు మనుషుల పరిచయం. అంతకు మించి ఆశించకండి.

ముందు పేరు సరిచేసుకోండి. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. పదో తరగతి మెమోలో ఒకలా, డిగ్రీలో ఒకలా, పాస్‌పోర్టులో మరోలా ఉంటుంది. ఒక పరిశోధన పేపర్లో ‘సాయి కిరణ్ కె’, ఇంకో పేపర్లో ‘కె ఎస్ కిరణ్’ అని పడితే వెతికేవాళ్లకు ఇద్దరు మనుషులు కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో విదేశీ డాక్టర్ల అర్హతను ధ్రువీకరించే ఇసిఎఫ్‌ఎంజీలో, రెసిడెన్సీ దరఖాస్తులు తీసుకునే ఈరాస్‌లో, లింక్‌డిన్‌లో అలాగే ఉండాలి. పరిశోధకులను గుర్తించే ఆర్కిడ్ నంబరు ఉచితం, పేపర్లన్నీ దాని కిందికి చేర్చండి. స్కోర్ రిపోర్టు ఫొటో మాత్రం ఎక్కడా పెట్టకండి, మీ యూఎస్‌ఎంఎల్‌ఈ నంబరు దాని మీదే ఉంటుంది.

ప్రోగ్రాములు ఓపెన్ హౌస్‌ల (దరఖాస్తుదారులకు తమను పరిచయం చేసుకునే ఆన్‌లైన్ సమావేశాల) తేదీలు తమ ఖాతాల్లోనే ప్రకటిస్తాయి. న్యూయార్క్ సాయంత్రం 6 గంటలంటే మనకు తెల్లవారుజామున 3.30, అదీ మర్నాటి తేదీలో. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం ఒక గంట వెనక్కి జరుపుతారు, అప్పుడు మనకు 4.30. షికాగో అయితే ఇంకో గంట కలపాలి. ఇంటర్వ్యూకీ ఇదే లెక్క. ఈ లెక్క తప్పితే ఒక్క ఇంటర్వ్యూ కోసం ఏడాదంతా పడ్డ శ్రమ పోతుంది.

మెసేజ్ ఎవరికి పెట్టాలి? ప్రోగ్రాం డైరెక్టర్ సొంత ఇన్‌స్టాగ్రామ్‌కి వద్దు. అక్కడ చేరిన మన సీనియర్‌కి పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు: ఎవరు, ఏ కాలేజీ, ఏ బ్యాచ్, ఏం అడుగుతున్నారు. వెబ్‌సైటులో ఉన్నది అడగకండి. జే1 వీసా ఇస్తారా, హెచ్1బీ వీసా ఇస్తారా అన్నది చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది. హెచ్1బీకి యూఎస్‌ఎంఎల్‌ఈ చివరి భాగం స్టెప్ 3 పాసై ఉండాలన్నదీ ముందే తెలుసుకోండి. రాత్రి డ్యూటీలు ఎలా వేస్తారు, మొదటి ఏడాది ఎవరు నేర్పిస్తారు అని అడిగితే జవాబు వస్తుంది. ‘నన్ను రికమెండ్ చేయండి అన్నా’ అని మొదలుపెడితే రాదు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఇంకొక్కసారి రాసి, వదిలేయండి.

తర్వాత ఏం పోస్ట్ చేయాలో చెప్పాలి. అయితే అమ్మా, బాబూ, ఇక్కడ ఆగుతున్నాను. మిగతా అంశాలు తగ్గినా ఫరవాలేదు, ఇది చెప్పకుండా ముందుకు పోలేను.

‘రేర్ కేస్’ అని పేషెంటు ఫొటో పెడుతున్నారు. వార్డు రీల్స్ తీస్తున్నారు. వెనక మంచం మీద కేథటర్‌తో పడుకున్న మనిషి అందులో కనిపిస్తున్నాడు. ఆదిలాబాద్ నుంచో నల్లగొండ నుంచో రాత్రి బస్సెక్కి వచ్చి, ఓపీ చీటీ కోసం వరసలో నిలబడ్డ మనిషి. మీ ముందు చొక్కా విప్పింది వైద్యం కోసం. వైద్యానికి సరేనంటే ఫొటోకి సరేనన్నట్టు కాదు.

కళ్ల మీద నల్ల పట్టీ వేశాం కదా అంటారు. చాలదు. పచ్చబొట్టును బట్టి, మెడలో తాయెత్తును బట్టి, పక్కనున్న భార్యను బట్టి ఊరివాళ్లు గుర్తుపడతారు. ఎక్స్‌రే మూలన పేరు, వయసు, తేదీ ఉంటాయి. ఫోన్లో మార్కర్‌తో గీస్తే, వెలుతురు పెంచగానే కింది అక్షరాలు బయటపడొచ్చు. పవర్‌పాయింట్‌లో కత్తిరించిన భాగం ఫైల్లో అలాగే మిగిలి ఉంటుంది, ఎవరైనా వెనక్కి లాగి చూడగలరు. ఫొటోను డాక్యుమెంటుగా పంపితే తీసిన సమయం, లొకేషన్ ఆన్‌లో ఉంటే చోటు కూడా దాంతోపాటే పోతాయి. స్టోరీ 24 గంటలకు పోతుందనుకుంటారు, ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ పోదు.

పేషెంట్ల సమాచార గోప్యతను కాపాడే అమెరికా హిపా చట్టం గుర్తింపు వివరాలుగా 18 రకాలను లెక్కిస్తుంది. పూర్తి ముఖం ఫొటో అందులో ఉంది, అడ్మిషన్, డిశ్చార్జి తేదీలూ ఉన్నాయి. అదేదో వాళ్ల చట్టం అనకండి. మన 2002 వైద్య నీతి నియమాలే, గుర్తుపట్టేలా పేషెంటు ఫొటోనో కేసునో అనుమతి లేకుండా ప్రచురించొద్దన్నాయి. ప్రోగ్రాం డైరెక్టర్ మీ ఖాతాలో ఆ ఫొటో చూస్తే, ‘ఇతను రేపు మా పేషెంట్లకూ ఇదే చేస్తాడు’ అనుకోడా? సీటు సంగతి అలా ఉంచండి. ఆ మనిషి కూతురి పెళ్లి చూపుల నాడు ఎవరో ఆ ఫొటో చూపిస్తే ఏం జవాబు చెబుతారు?

నిజంగా చదువు కోసం వాడాలంటే తెలుగులోనే అడగండి. ‘మీ ఫొటో ఇంటర్నెట్‌లో పెడతాం, ఎవరైనా చూడొచ్చు, ఒకసారి పెట్టాక పూర్తిగా వెనక్కి తీసుకోలేం, మీరు వద్దన్నా వైద్యంలో తేడా రాదు.’ ఈ నాలుగూ చెప్పాక కాగితం మీద సంతకం తీసుకోండి. వేలిముద్ర అయితే మీ జట్టులో లేని ఒక సాక్షి ఉండాలి. స్పృహలో లేని మనిషి దగ్గర, నొప్పితో మెలికలు తిరిగే మనిషి దగ్గర అడగనే వద్దు.

టైమైపోతోందని ప్రిన్సిపాల్ గారు చూస్తున్నారు. ఒక్క మాట. టెలిగ్రామ్‌లో ‘రీకాల్స్’ అని పరీక్ష ప్రశ్నలు పంచే గ్రూపుల్లో నుంచి ఈరోజే బయటికి రండి. ప్రశ్నలు ముందే తెలిశాయన్న అనుమానంతో 2024 జనవరిలో నేపాల్‌కు సంబంధించిన కొందరి యూఎస్‌ఎంఎల్‌ఈ స్కోర్లు రద్దు చేశారు. ఊరికే చూశామంటే వినేవాళ్లుండరు. డబ్బు తీసుకుని పరిశోధన పేపర్లో పేరు వేయిస్తామనే మెసేజ్‌లకూ జవాబివ్వకండి. ఇంటర్వ్యూలో ఆ పేపరు గురించే అడుగుతారు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. సర్టిఫికెట్లలో పేరు తేడా ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, డిగ్రీ ఫొటోలు తెరిచి ముందు వరసలోకి రండి, వాటితో మొదలుపెడదాం.